కొన్న ఎర్రల సంగతి వదిలేయండి, మన ఎర్రలు ఎండాకాలం ఎక్కడ ఉంటున్నాయో చూడండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాజోలు దగ్గర మూడెకరాల కొబ్బరి, రెండెకరాల వరి. వర్మీ కంపోస్టు వేసేవాళ్ళ దగ్గర ఐదు కిలోల ఎర్రలు, అంటే వానపాములు, కొని సగం తోటలో, సగం చేలో వదిలారు, నెల తిరిగేసరికి ఒక్కటీ లేదు. చిన్నప్పుడు మీ నాన్నగారితో గాలానికి వెళ్తుంటే గట్టు మీద నాలుగు గునపం పోట్లకే కొబ్బరిచిప్ప నిండా ఎర్రలు దొరికేవి, ఇప్పుడు గట్టు మీద తప్ప చేలో వెతికినా లేవు. "మన నేల చచ్చిపోయిందా, ఈసారి ఏ రకం కొనాలి" అని అడిగారు.

ఏ రకమూ కొనకండి. నేల చచ్చిపోలేదు. గట్టు మీద ఇప్పటికీ ఉన్నాయని మీరే రాశారు కదా, దాని గురించే ఎక్కువ చెబుతాను. నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యాను, కోనసీమలో మాకూ కాస్త కొబ్బరి తోట ఉంది, ఎర్రల పిచ్చి ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతో పోలేదు.

ముందు మీరు కొన్నవేంటో చూద్దాం. కంపోస్టు తొట్టెల్లో పెంచేవి ఎక్కువగా రెండు: ఊదారంగు మెరుపుతో లావుగా ఉండే యూడ్రిలస్ యూజీనియే, చారలు చారలుగా ఉండే ఐసీనియా ఫెటిడా. మొదటిది పశ్చిమ ఆఫ్రికాది, రెండోది యూరప్ వైపుది. రెండూ గెత్తం కుప్పలో పుట్టి, గెత్తం తిని, గెత్తంలోనే పిల్లలు పెట్టే జాతులు. వాటికి మట్టి ఇల్లు కాదు, తిండీ కాదు. గెత్తం లేని కొబ్బరి తోటలో వదిలితే ఆకలితో పోతాయి, దమ్ము చేసిన చేలో వదిలితే ఊపిరాడక పోతాయి, మధ్యలో కొంగలకి విందు. మీరు ఇంకొంచెం జాగ్రత్తగా వదిలి ఉంటే బతికేవేమో అని బాధపడకండి, వాటి స్వభావమే అది. మన ఊళ్ళలో పెంటకుప్ప అడుగున సన్నగా, నల్ల ఊదారంగులో, ముట్టుకుంటే చేతిలోంచి జారి పరుగెత్తేది ఒకటి ఉంటుంది, పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్. అది మనదే అయినా అదీ కుప్ప దాటి మట్టిలోకి పెద్దగా పోదు.

మార్సెల్ బూషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1970ల్లో వానపాముల్ని మూడు తరగతులు చేశాడు: పైన చెత్తలో ఉండేవి, మట్టి లోపలే తిరుగుతూ మట్టినే తినేవి, నిలువుగా బొరియ చేసుకుని పై చెత్తకీ లోపలి మట్టికీ మధ్య తిరిగేవి. మీకు కావలసింది రెండో, మూడో తరగతి. కొన్నది మొదటి తరగతి. బియ్యం కావాలని వెళ్ళి బస్తాడు ఊక తెచ్చుకున్నట్టయింది.

మీ నాన్నగారు కొబ్బరిచిప్పలో వేసుకున్నది చాలావరకు లాంపిటో మారిషియై అయ్యుంటుంది. దక్షిణ భారతంలో మట్టిలో ఉండే వానపాముల్లో బాగా విస్తరించింది ఇదే. మూడో తరగతిది అంటారు గానీ మట్టీ తింటుంది, కుళ్ళిన ఆకూ తింటుంది. పొడవు ఎనిమిది సెంటీమీటర్ల నుంచి ఇరవై దాకా, లావు పెన్సిల్‌లో సగం, పసుపు కలిసిన గోధుమరంగు, తల వైపు కాస్త ఊదా ఛాయ. చేతిలోకి తీసుకుంటే కొరడాలా కొట్టుకుంటుంది.

పేరు గురించి ఒక మాట చెప్పాలి, ఇది మన డెల్టా వాళ్ళు తెలుసుకోవలసిన ముచ్చట. కిన్‌బెర్గ్ అనే స్వీడన్ ఆయన 1860ల్లో దీన్ని మారిషస్ నుంచి వచ్చిన నమూనాతో వర్ణించాడు, అందుకే మారిషియై. కానీ దీని దాయాది జాతులన్నీ దక్షిణ భారతంలోనే ఉన్నాయి, కాబట్టి పుట్టిల్లు ఇటువైపే, మారిషస్‌కి మనుషులతో పాటు వెళ్ళింది అనుకోవడమే సబబు. మారిషస్‌లో తెలుగువాళ్ళని ఏమంటారో తెలుసా, కోరింగీలు. మన కోరంగి రేవు పేరే అది. 1830ల తర్వాత చెరకు తోటల కూలికి వెళ్ళినవాళ్ళు కోరంగి నుంచీ వెళ్ళారు. రంగూన్ వెళ్ళిన మనవాళ్ళనీ కోరంగీలనే పిలిచేవారు, బర్మాలోనూ ఈ పురుగు ఉంది. ఏ ఓడలో ఏ మొక్క మట్టిలో వెళ్ళిందో చూసినవాడు లేడు, ఫ్రెంచివాళ్ళ ఓడలు అంతకు ముందే తీసుకెళ్ళి ఉండొచ్చు కూడా. కానీ పేరు మారిషస్‌ది, ఊరు మాత్రం మన వైపుది అని క్లాసులో చెబితే పిల్లలు వెంటనే నిద్ర లేచేవాళ్ళు.

క్లాసు అంటే గుర్తొచ్చింది. మా రోజుల్లో వానపాము డిసెక్షన్ ఉండేది. పుస్తకంలో ఉన్నది ఫెరెటిమా పోస్తుమా, ఇప్పటి పేరు మెటాఫైర్ పోస్తుమా. మా అటెండరు హాస్టల్ వెనక, గిన్నెలు కడిగిన నీళ్ళు పారే అరటి చెట్ల దగ్గర తవ్వి ట్రేలో పోసేవాడు. పిల్లలు పుస్తకం చూసి బొమ్మ వేసేసేవాళ్ళు. నేను మాత్రం ముందు ఖండితాలు లెక్కపెట్టమనేవాణ్ణి, ఖండితాలంటే ఒంటి మీద ఆ ఉంగరాల్లాంటివి. పోస్తుమా అయితే క్లైటెల్లం, అదే మెడలో పట్టీ కట్టినట్టు ఉండే లావు భాగం, తల వైపు నుంచి లెక్కపెడితే 14 నుంచి 16 దాకా మూడు ఖండితాలే. లాంపిటోకి 14 నుంచి 17 దాకా నాలుగు. పోస్తుమాకి కింద వైపు 17లోనూ 19లోనూ జంటగా చిన్న బుడిపెలు కనబడతాయి, లాంపిటోకి ఉండవు. ఒక ట్రేలో ఇరవై ఉంటే పదిహేను లాంపిటోలే తేలిన రోజులున్నాయి, పరీక్షలో మాత్రం అందరూ పోస్తుమా అనే రాసేవారు, మార్కులూ పడేవి. పోస్తుమా మన డెల్టాలో లేదని కాదు, ఉంది, ఏటి ఒండ్రు దానికి ఇష్టం. రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కళ్ళతో చూసి ఇది ఫలానా అనకుండా లెక్కపెట్టాలి.

ఇప్పుడు అసలు సంగతి, ఎక్కడ ఉంటుంది, ఎందుకు ఉంటుంది.

వానపాము చర్మంతో ఊపిరి పీలుస్తుంది. చర్మం తడిగా ఉండాలి, ఆ తడిలోకి గాలి అందాలి. ఈ రెండూ కలిసి దొరికే చోటు మన డెల్టాలో ఏడాది పొడుగునా ఒకేచోట ఉండదు, అదే చిక్కంతా. అందరూ సేంద్రియ ఎరువు లేక ఎర్రలు పోయాయి అంటారు. తిండి ముఖ్యమే, కాదనను. కానీ నేను చూసినంతలో మన దగ్గర ఎర్ర ఎక్కడ ఉంటుందో తేల్చేది తిండి కంటే ఆశ్రయం. ఏడాదిలో దానికి రెండు గండాలు, నీళ్ళు నిలిచే కాలం ఒకటి, కాలువలకి నీళ్ళు కట్టేసే కాలం ఒకటి. ఈ రెండింటికీ తలదాచుకునే చోటు దగ్గర్లో ఉంటే ఉంటుంది, లేకపోతే ఎంత గెత్తం తోలినా ఉండదు.

మీ వరి చేనునే తీసుకోండి. జూన్‌లో కాలువ వదులుతారు, సార్వాకి, అంటే తొలి పంట వరికి, దమ్ము చేస్తారు. ట్రాక్టర్ ఇనుప చక్రాలు, కేజీవీల్స్, తిరిగితే పై అడుగు మట్టి జావ అవుతుంది, బొరియలు పూడిపోతాయి. నీళ్ళు నిలిచాక మట్టిలో ఉన్న ప్రాణవాయువుని సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో తాగేస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు: వానపాము నీళ్ళలో మునిగితే వెంటనే చావదు, గాలి కలిసిన నీళ్ళలో రోజుల తరబడి బతకగలదు, దాన్ని చంపేది గాలి లేని బురద. అందుకే దమ్ము రోజు ట్రాక్టర్ వెనక కొంగలు బారులు తీరతాయి, పైకి వచ్చినవాటిని ఏరుకోవడానికి. తప్పించుకున్నవి గట్టు ఎక్కుతాయి. ఒకప్పుడు సార్వా అయ్యాక చేలో మినుమో పెసరో చల్లేవారు, నేల తడి ఆరుతూ గాలి ఆడేది, గట్టు మీదవి మళ్ళీ చేలోకి దిగేవి. ఇప్పుడు దాళ్వా, అంటే రెండో పంటా వరే. జనవరిలో మళ్ళీ దమ్ము, మళ్ళీ నీళ్ళు, ఏప్రిల్ దాకా. కోత అయ్యేసరికి కాలువలు కట్టేస్తారు, నల్లమట్టి నెర్రెలు తీసి పలుగు కూడా దిగదు. అంటే చేలో ఎర్రకి దిగే వ్యవధే లేదు.

మీ చిన్నప్పటికీ ఇప్పటికీ ఇంకో తేడా గట్టు. అప్పట్లో గట్టు మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేవారు, కంది వేసేవారు, గడ్డి కోసేవారు. ఇప్పుడు రెండు వైపులా చెక్కి చెక్కి పాదం పట్టనంత చేశాం, గడ్డి మందు కొడుతున్నాం. సన్నటి గట్టు ఎండలో రెండు పక్కల నుంచీ ఆరిపోతుంది. గునపం వేసి చూడండి, వెడల్పు గట్టు నడి మధ్యలో ఏప్రిల్ ఆఖరుకి కూడా చల్లదనం ఉంటుంది, సన్న గట్టులో ఉండదు.

చేలో అసలేమీ ఉండవా అంటే ఉంటాయి, వేరే రకాలు. డ్రావిడా జాతి చిన్నవి ఉంటాయి. కాలువ ఒడ్డున, నీళ్ళూ మట్టీ కలిసే చోట గ్లైఫిడ్రిలస్ అనేది ఉంటుంది, తోక వైపు పట్టుకుంటే గుండ్రంగా కాకుండా నలుపలకగా తగులుతుంది, క్లైటెల్లం దగ్గర రెండు పక్కలా రెక్కల్లాంటి అంచులు. అది బురదకే పుట్టింది. మీకు బోదె, అదే చిన్న నీటి కాలువ, అంచున అలాంటిది దొరికితే పారేయకండి, అది లాంపిటో చేయలేని చోట పని చేస్తుంది.

లాంపిటోకి మన దగ్గర స్వర్గం కొబ్బరి తోట. మెరక మీద చెట్లు, మధ్యలో బోదెలు, పైన నీడ. వర్షాలప్పుడు నీళ్ళు బోదెలోకి దిగిపోతాయి, మెరక ఊపిరి పీలుస్తుంది. ఎండాకాలం బోదెలో ఉన్న తడి పక్క మట్టిలోకి ఎక్కుతుంది. అంతర పంటగా కోకో ఉంటే ఇంకా మంచిది, దాని ఆకు చాప పరిచినట్టు రాలుతుంది. ఒక మే నెలలో, కాలువ కట్టేసి ఇరవై రోజులైందేమో, మా తోటలో కొబ్బరి డొక్కలు, అంటే కాయ మీది పీచు తొక్కలు, పాతిపెట్టిన గుంట పక్కన తవ్వించాను. పై అడుగు పొడి, ఏమీ లేదు, కూలీ నవ్వాడు. అడుగున్నర దాటాక మట్టి రంగు ముదిరింది. రెండడుగుల దగ్గర డొక్క పీచు అంటుకుని గోలీకాయంత గది, లోపల నున్నగా జిగురు పూసినట్టుంది, అందులో ఒక ఎర్ర ముడి వేసిన దారంలా చుట్టుకుని ఉంది, కదలదు. అరచేతిలో పెట్టుకుని రెండు చుక్కల నీళ్ళు పోస్తే కాసేపటికి ముడి విప్పుకుంది. ఆ గుంట చుట్టూ అలాంటివి పదకొండు దొరికాయి. నాలుగు గజాల అవతల, డొక్కలు లేని చోట, అంతే లోతు తవ్వితే ఒక్కటీ లేదు. పైన గెత్తం రెండు చోట్లా ఒకేలా తోలాం. ఆశ్రయం అని నేను అంటున్నది ఈ డొక్కల గుంటనే.

లంకల సంగతి వేరు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య లంక ఒండ్రు మెత్తగా, గాలి ఆడేలా ఉంటుంది, తవ్వడం సుఖం, పోస్తుమా అక్కడ బాగా కనబడుతుంది. గోదావరి పొంగితే అన్నీ కొట్టుకుపోతాయి అనుకుంటాం. 2022 జూలై వరదకి లంకలన్నీ రోజుల తరబడి మునిగాయి, అందరిలాగే నేనూ ఇక లేవనుకున్నాను. దసరా వెళ్ళాక మా బంధువుల లంకలో అరటి తోటలో తవ్వితే సన్నటి పిల్లలు ఉన్నాయి, పెద్దవి దాదాపు లేవు. గుడ్డు సంచులు తట్టుకుని ఉంటాయి, లేదా పైనుంచి కొట్టుకొచ్చిన అరటి దుంపల మట్టిలో వచ్చి ఉంటాయి. వరద చంపుతుంది, కింది ఊళ్ళకి మోసుకొస్తుంది కూడా. లాంపిటో ఒక్కో సంచిలోంచి సాధారణంగా ఒక్క పిల్లే వస్తుంది, అదీ సుమారు నెల పడుతుంది. ఐసీనియాలా గబగబా పెరగదు, కాబట్టి దీంతో తొందర పనికిరాదు.

సముద్రం వైపు వెళ్ళేకొద్దీ తగ్గిపోతాయి, కారణం ఉప్పు. చౌడు నేలలో, ఉప్పునీటి రొయ్యల చెరువు ఊట దిగే చేలో లాంపిటో నిలవదు, చర్మం తడిగా ఉండే జీవికి ఉప్పు అంటే ఒంట్లో నీరు లాగేయడమే. మీ చేను పక్కన చెరువు ఉందేమో మీరు రాయలేదు, ఉంటే ముందు అటువైపు మట్టికి ఉప్పు పరీక్ష చేయించండి, మిగతావన్నీ తర్వాత. కొబ్బరి మొదట్లో ఉప్పు వేసే అలవాటు ఉంటే అదీ గుర్తుపెట్టుకోండి. ఉప్పుని లెక్కచేయని వానపాము ఒకటుంది, పాంటోడ్రిలస్ లిటోరాలిస్ అని, ఉష్ణమండల తీరాల్లో అలల అంచున కుళ్ళిన నాచు కింద ఇసుకలో ఉంటుంది, చీకట్లో నలిపితే వెలుగుతుంది కూడా. అంతర్వేది వైపు పోయినప్పుడు సరదాగా వెతకండి, తోటకి మాత్రం తేకండి, అది అక్కడ బతకదు.

తేకూడనిది ఇంకోటి ఉంది, నర్సరీ మొక్కల వేరుమట్టిలో వచ్చేది. పాంటోస్కోలెక్స్ కోరెత్రురస్, దక్షిణ అమెరికాది, ఇప్పుడు వేడి దేశాలన్నిటా ఉంది. పాలిపోయిన రంగు, తోక చివర వేలితో రాస్తే బ్రష్షులా గరుకు. జత కలవకుండానే గుడ్లు పెడుతుంది, ఒక్కటి వస్తే చాలు. అమెజాన్‌లో అడవి కొట్టి పచ్చిక మైదానాలు చేసిన చోట ఇదొక్కటే మిగిలి, మట్టిని పిసికి పిసికి పైన గట్టి పెంకు కట్టించిందని తేలింది. మన దగ్గర అంత జరుగుతుందని భయపెట్టడం లేదు, కానీ కుండీ మొక్క నాటే ముందు మట్టి దులిపి చూస్తే పోయేదేమీ లేదు.

మందుల గురించి ఎక్కువ రాయను, మీకూ తెలుసు. గుళికల మందుల్లో కార్బోఫ్యూరాన్ వానపాములకి తీవ్రమైన విషం. ఫోరేట్ అయితే 2020 ఆఖరుతో నిషేధంలోకి వెళ్ళింది, ఇంకా ఎవరైనా చాటుగా ఇస్తే తీసుకోకండి. బోర్డో పేస్టులో ఉండే రాగి మట్టిలో పేరుకుంటుంది, చెట్టుకి పూయండి, మిగిలింది మొదట్లో పారబోయకండి.

మీరు చేయాల్సింది ముందు లెక్క. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య, వాన పడిన మర్నాడు పొద్దున్నే, పాతిక సెంటీమీటర్లు పొడవు, అంతే వెడల్పు, ముప్పై లోతున మట్టి దిమ్మ తీసి గోనెసంచి మీద చేత్తో చిదిపి చూడండి. తోట మెరక మీద మూడు చోట్ల, బోదె అంచున మూడు, గట్టు మీద మూడు, చేలో నీళ్ళు లేనప్పుడు మూడు. వచ్చిన సంఖ్యని పదహారుతో హెచ్చిస్తే చదరపు మీటరుకి ఎన్నో వస్తుంది, ఐదు దొరికితే ఎనభై అన్నమాట. ప్రపంచంలో ఉష్ణమండల నేలల్ని ఇలాగే లెక్కిస్తారు. మే నెలలో మాత్రం ఇలా లెక్కించి లేవు అనకండి, అప్పుడు ముప్పై సెంటీమీటర్లలో ఏదీ ఉండదు. ఓపిక లేకపోతే తెల్లారి లేచి మట్టి మీద చూడండి, సేమ్యా పిండి పిసికి పెట్టినట్టు చిన్న చిన్న మట్టి కుప్పలు ఉంటే కింద ఇల్లుంది.

ఆ తర్వాత ఈ ఏడాది డొక్కలు అమ్మేయకుండా సగమైనా ఉంచుకుని, రెండేసి చెట్ల మధ్య రెండున్నర అడుగుల గుంటలు తీసి పాతిపెట్టండి, మట్టలూ కమ్మలూ కాల్చకుండా పైన పరవండి. కాలువ కట్టేసిన రోజుల్లో బోరు ఉంటే పదిహేను రోజులకోసారి ఆ గుంటల మీద నీళ్ళు పెట్టండి, తోటంతా తడపక్కర్లేదు. చేలో అయితే ఒక్క గట్టునైనా, నడిమిది, రెండున్నర అడుగుల వెడల్పు ఉంచి దాని మీద కంది వేయండి, మందు కొట్టకండి. దాళ్వా మానేసి మినుము వేయమని నేను చెప్పను, మీ లెక్కలు మీవి, కానీ రెండెకరాల్లో ఒక అర ఎకరం ఒక్క ఏడాది వేసి చూస్తే తేడా మీకే కనబడుతుంది. విత్తనం ఎర్రలు కావాలంటే గట్టు మీది మట్టినే పారతో దిమ్మలుగా తీసి, చిదపకుండా, సాయంత్రం పూట డొక్కల గుంటల పక్కన దించండి. గుడ్లూ వస్తాయి, వాటికి అలవాటైన మట్టీ వస్తుంది. నాలుగు దిమ్మలు చాలు మొదటి ఏడాదికి.

గాలానికి ఏది మంచిదని చివర్లో అడిగారు కదా. లాంపిటోనే, గట్టిగా కొట్టుకుంటుంది కాబట్టి. మీ ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే ఎర్రల కోసం ఎక్కడ తవ్వేవారో చెబుతారు, మీ మొదటి మూడు గుంటలు అక్కడే తీయండి. దొరికిన వాటిలో మెడ పట్టీ స్పష్టంగా ఉన్నదాన్ని ఒకటి కడిగి, వెల్లకిలా తిప్పి, 14 నుంచి 19 దాకా ఖండితాలు కనబడేలా దగ్గరగా ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, లాంపిటోనో పోస్తుమానో చూసి చెబుతాను.